కోతుల్లేని దీవిలో సామాన్ల కాపలా

అండమాన్ గురించి మంచి మాటలే రాయాలని కూర్చున్నాను. సముద్రం రంగు, అడవి నీడ, కొండకొన మీది గాలి అన్నీ రాస్తాను. వాటితోపాటు మా ఆత్మకూరు బృందం గురించి కూడా రాస్తాను, రాయకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు. అక్కడికి వెళ్ళాలనుకునేవాళ్ళు రెండూ చదివి బయల్దేరితే మంచిది.

నా పేరు పద్మ. ఆత్మకూరు హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యాను. నాతో వచ్చింది మస్తాన్‌బీ. ఉదయగిరిలో ఆరో తరగతి నుంచి మాదొకే బెంచీ. పదో తరగతి కాగానే నేను చదువుకోడానికి నెల్లూరు వెళ్ళాను, తను ఇంట్లోనే కొయ్య గరిటెలు చెక్కే పనిలో కూర్చుంది. ఉదయగిరి కొయ్య గరిటెలు, చెంచాలు మీలో చాలామంది ఎగ్జిబిషన్లలో కొనే ఉంటారు. ఆ గరిటె కోసం ఒక మనిషి దుర్గం కొండెక్కి, కట్టె కొట్టి, మోపు నెత్తిన పెట్టుకుని దిగిరావాలి. వాళ్ళింట్లో ఆ మనిషి ఏళ్ళ తరబడి మస్తాన్‌బీయే. ఇప్పుడు కట్టె కొనుక్కుంటున్నారుగానీ, ఈలోగా ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి.

పోయిన చలికాలంలో నెల్లూరు డాక్టరు రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ తప్పదన్నాడు. చేయించుకున్నాక ఇంట్లో తిరగొచ్చు, బజారుకు పోవచ్చు, కొండలు మాత్రం మర్చిపోవాలన్నాడు. ఆస్పత్రి నుంచి తిన్నగా మా ఇంటికొచ్చి కూర్చుంది.

"పద్మా, ఇన్నేళ్ళు కొండెక్కినాను. ఒక్కరోజన్నా వట్టి చేతులతో దిగలా. డాక్టరు కోసేలోపల ఒక్కసారి నెత్తిన ఏం లేకుండా, చేతులూపుకుంటా, ఒక కొండ చివరికంటా పోయిరావాల. పక్కన సముద్రం ఉంటే ఇంకా మంచిది" అంది.

"దుర్గమే ఎక్కుదాం పదవే" అన్నాను.

"దుర్గం ఎక్కితే కట్టె కనపడతాది. కట్టె కనపడితే నా చెయ్యి ఊరుకోదు."

సరిగ్గా ఆ వారమే మా వీధిలో ఎరువుల దుకాణం పెంచలయ్య అండమాన్ టూరు కాగితాలు పంచాడు. ఏడాదికోసారి ఊళ్ళో పదిహేను మందిని పోగుచేసి ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళడం అతనికి సరదా, కొంచెం ఆదాయం కూడా. వంటమనిషిని వెంట తీసుకొస్తాడు. కాగితం మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్నది సముద్రం గురించి కాదు, "మన వంట, మన భోజనం" అని. కింద చిన్న అక్షరాల్లో, ఐదో రోజు: చిడియాటాపు, ముండా పహాడ్ ట్రెక్కింగ్, కొండ చివర నల్లరాయి దాకా. ఆ చిన్న అక్షరాలు చూసి మేమిద్దరం డబ్బు కట్టాం. మస్తాన్‌బీ తన చీటీ ఎత్తుకుని, అందరూ కట్టినంతే కట్టింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం బయల్దేరాం. మస్తాన్‌బీ ఉదయగిరి నుంచి పొద్దుటి బస్సులో ఆత్మకూరు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండింటికి బస్టాండులో అందరం కలిసి నెల్లూరు బస్సెక్కాం. రెండు గంటల లోపే నెల్లూరు, అక్కణ్ణుంచి సాయంత్రం రైల్లో చెన్నై. ఆ రాత్రి సెంట్రల్ స్టేషన్ దగ్గర లాడ్జిలో పడుకుని, పొద్దున ఎనిమిదింటికల్లా విమానాశ్రయంలో ఉన్నాం. మీరు వెళ్ళేటట్టయితే విమానం టికెట్లు రెండు మూడు నెలల ముందే కొనండి. చివర్లో కొంటే గుండె ఆగుతుంది.

విమానాశ్రయంలో మొదలైంది. పెంచలయ్య నియమం ఏమిటంటే, ఏ దేశం పోయినా కుండలో నెల్లూరు బియ్యమే ఉడకాలి. బియ్యం, పప్పులు, ఊరగాయ జాడీలు, పొడులు, అన్నీ మూటలు కట్టి తెచ్చాడు. మనిషికి పదిహేను కిలోలే ఉచితం కాబట్టి ఎవరి సామాను తక్కువుంటే వాళ్ళ పేరు మీద మూటలు వెయ్యడం మొదలుపెట్టాడు. మస్తాన్‌బీ తెచ్చుకుంది ఒక చిన్న జిప్పు బ్యాగు. దాన్ని చూడగానే అతనికి పండగైంది.

"మస్తానమ్మా, నీకు సామానే లేదు గదా, నీ పేరు మీద రెండు మూటలు ఏస్తా ఉండా."

"ఆమె టికెట్టు ఆమె కొనుక్కుంది పెంచలయ్యా" అన్నాను.

"ఖాళీగా పోతే వేస్టు గదా టీచరమ్మా?"

"ఖాళీగా పోవడానికే వచ్చిందయ్యా ఆమె!"

అతనికి అర్థం కాలేదు. మస్తాన్‌బీ నా మోచెయ్యి గిల్లి, "పోనీలే, మూటలు ఇమానం మోస్తాది, నేనా?" అంది. సరే, నిజమేగదా అని ఊరుకున్నాను.

విమానం రెండు గంటల పైచిలుకు. కిటికీ సీటు తనకిచ్చాను. దిగేముందు నీలం నీళ్ళలో పచ్చటి దిబ్బలు ఒక్కొక్కటే కనబడ్డాయి. ప్రతి దిబ్బ చుట్టూ నీళ్ళు లేతరంగులో ఉన్నాయి. పక్కసీటులో కూర్చున్న మిలిటరీ ఆయన, "మొదటిసారా?" అని హిందీలో అడిగాడు. మస్తాన్‌బీ ఉర్దూలో, "మొదటిదీ, చివరిదీ కూడా" అని నవ్వింది.

ఊరి పేరు ఇప్పుడు శ్రీ విజయపురం, ఆటోవాళ్ళు మాత్రం పోర్ట్‌బ్లెయిర్ అనే అంటారు. జైలు చూశాం, పడవెక్కి హేవ్‌లాక్ వెళ్ళి తెల్లటి ఇసుక చూశాం. అవి అందరూ రాసేవే, నేను రాయను. ఆ నాలుగు రోజులూ మా బృందంలో హిందీ ధైర్యంగా మాట్లాడగలిగింది మస్తాన్‌బీ ఒక్కతే కావడంతో, "మస్తానమ్మా, ముత్యాలు రేటెంతో అడుగు", "మస్తానమ్మా, బాత్రూం ఎక్కడో అడుగు" అని ఆమెను నిలవనీయలేదు. ఆమె విసుక్కోలేదు. విసుక్కునే పని నేను చేశాను.

ఐదో రోజు పొద్దున ఏడున్నరకు మినీబస్సు బయల్దేరింది. చిడియాటాపు ఊరికి దక్షిణంగా పాతిక కిలోమీటర్లు. గంట ప్రయాణం. కొంత దూరం వక్క తోటలు, ఆ తర్వాత రోడ్డు సముద్రాన్ని ఆనుకునే పోతుంది. సునామీకి చచ్చిపోయిన చెట్ల మొద్దులు నీళ్ళలో ఇంకా బూడిదరంగుగా నిలబడి ఉన్నాయి. అక్కడ పొద్దు తొందరగా పుట్టి తొందరగా కుంకుతుంది. సాయంత్రం ఐదుముప్పావుకల్లా సూర్యుడు ఉండడు. కాబట్టి ఏం చూడాలన్నా పొద్దున్నే బయల్దేరాలి. బీచి చివర అటవీశాఖ గేటు దగ్గర కొద్దిపాటి టికెట్టు తీసుకున్నాం. ముండా పహాడ్ అనే పేరు నోటితో పలకడానికి మావాళ్ళు సిగ్గుపడి "ఆ పహాడ్" అన్నారు. గేటు దగ్గరి గార్డు, ప్లాస్టిక్ ఏదీ అడవిలో వదలకూడదని, నాలుగింటికల్లా తిరిగి గేటు దాటాలని మస్తాన్‌బీకి చెప్పాడు. ఆమె మాకు చెప్పింది.

అడవి బాట మొదట్లో చదునుగానే ఉంటుంది. ఎడమపక్క చెట్ల సందుల్లోంచి సముద్రం కనబడుతూనే ఉంటుంది, ఒకసారి ఆకుపచ్చగా, మలుపు తిరిగితే ముదురు నీలంగా. చెట్లు మన తూర్పు కనుమల్లో చెట్లలాంటివి కావు. మొదళ్ళలో గోడల్లాంటి వేళ్ళు, తలెత్తితే కొమ్మలు అందనంత పైన. బాట మీద శంఖాల్లో దూరిన చిన్న పీతలు అడుగుల చప్పుడుకు ముడుచుకుంటున్నాయి. మస్తాన్‌బీ ఒక పడిపోయిన ఎర్రకొయ్య మొద్దు దగ్గర ఆగి, దాని మీద చెయ్యేసి నిమిరింది.

"ఎన్ని గరిటెలే పద్మా!" అంది.

"చెయ్యి తియ్యి" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె నడక ఆ కాసేపు చూడాలి. మోకాలు నొప్పి పెడుతున్నా, రెండు చేతులూ ముందుకీ వెనక్కీ ఊపుకుంటూ, బడి వదిలినప్పటి పిల్లలా నడిచింది.

కాసేపే. మా వంటమనిషి లాడ్జిలో ఉండిపోయి, పులిహోర ఒక పెద్ద స్టీలు డబ్బాలో, పెరుగన్నం ఇంకో డబ్బాలో సర్ది పంపాడు. సముద్రం ఒడ్డున వనభోజనం చెయ్యాలని పెంచలయ్య ముచ్చట. డబ్బాలు మొదట మగవాళ్ళు పట్టుకున్నారు. ఫర్లాంగు పోకముందే చేతులు మారాయి. ఇంకో మలుపు తిరిగేసరికి పులిహోర డబ్బా నేలమీద ఉంది, దాని చుట్టూ నలుగురు నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు పెంచలయ్య తలతిప్పి చూశాడు.

"మస్తానమ్మా, కాస్త ఆ డబ్బా నెత్తిన పెట్టుకోకూడదా? నీకు అలవాటే గదా!"

ఎంత తేలిగ్గా అన్నాడో మీకు చెప్పలేను. తప్పుమాట అంటున్నానన్న జంకే ఆ మొహంలో లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మోకాళ్ళకు ఆపరేషన్ అని అందరికీ తెలుసు. చెన్నై రైల్లో ఆమే చెప్పింది.

"అలవాటుంటే? మీకు తినడం అలవాటుగా, మీరే మొయ్యండి!" అన్నాను.

"ఏంది టీచరమ్మా, అన్నిటికీ గొడవేనా?" అంది రమాదేవమ్మ. అనంతసాగరంలో పెద్ద కమతం వాళ్ళది, మంచి మనిషే, కానీ పని చెప్పడం తప్ప వినడం తెలియదు.

నేను నోరు తెరిచేలోపే మస్తాన్‌బీ వంగి, కొంగు చుట్టచుట్టి నెత్తిన పెట్టుకుని, డబ్బా ఎత్తుకుంది. అంతే, దారి దొరికింది. రమాదేవమ్మ హ్యాండ్‌బ్యాగు ఆమె భుజానికి తగిలించింది. ఇంకెవరో నీళ్ళ సీసాల సంచి చేతికిచ్చారు. రెండో డబ్బా నేను లాక్కుని మోశాను, వాళ్ళమీద దయతో కాదు, అది కూడా ఆమె మీదికి పోకుండా.

"ఎందుకే ఎత్తుకున్నావు?" అని పళ్ళు కొరుకుతూ అడిగాను.

"ఎత్తుకోకపోతే ఇక్కడే నిలబడతారు. చివరికంటా పోవాల గదే" అంది.

అప్పుడామె చేతులు ఊగడం లేదు. ఒకటి డబ్బా మీద, ఒకటి సంచి మీద.

పదిన్నరకు ముండా పహాడ్ బీచికి చేరాం. అర్ధచంద్రంలా చిన్న ఇసుక తీరం, వెనకే కొండ. మొసళ్ళున్నాయి, నీళ్ళలో దిగొద్దని బోర్డులున్నాయి. దిగకపోయినా పర్వాలేదు, ఆ నీళ్ళు చూస్తూ కూర్చుంటేనే చాలు. ఒక పెద్ద తెల్లపొట్ట గద్ద మా తలల మీద రెండు చుట్లు తిరిగి కొండ అవతలికి పోయింది. మస్తాన్‌బీ దాన్నే చూస్తూ, "దారి అటే" అంది.

ఆకలి అప్పుడే ఏముందని? అయినా డబ్బాలు విప్పారు. వడ్డించమని గరిటె ఎవరి చేతికిచ్చారో వేరే చెప్పాలా? నేను ఆ గరిటె లాక్కుని ఇసుకలో గుచ్చి, ఎవరిది వాళ్ళే పెట్టుకోండన్నాను. పెట్టుకున్నారు. గొణుక్కుంటూ తిన్నారు. పులిహోర బాగుంది, ఆ మాట దాచను.

తినడం కాగానే పెంచలయ్య లేచి నిలబడ్డాడు. "రాయి దాకా పొయ్యేవాళ్ళు రాండి. సామాన్ల కాడ ఒకరుండాల. కోతులొస్తాయి."

మన కొండలు ఎక్కినవాళ్ళకు ఈ ఆచారం తెలుసు. పెంచలకోనలోగానీ, తిరుమల మెట్లమీదగానీ, మా దుర్గంలోగానీ, నలుగురు కలిసి పోతే ఒకరు మూటల దగ్గర కూర్చోవాలి. లేకపోతే కోతులు సంచులు చించుతాయి. ఆ ఒకరు ఎప్పుడూ ఒకే రకం మనిషి. ముసలామె, పనిమనిషి, బీదచుట్టం. దేవుణ్ణి చూడ్డానికి వచ్చి, అందరి చెప్పులూ చూసుకుంటూ కూర్చుని, వాళ్ళు తెచ్చిన ప్రసాదం కళ్ళకద్దుకుని ఇంటికిపోయే మనిషి. ఎందరిని చూశానో.

"మస్తానమ్మ కూర్చుంటాదిలే. నువ్వు దేనికమ్మా కొండెక్కేది, మీ ఊళ్ళో లేదా కొండ? పైగా మోకాళ్ళ నొప్పులాయె" అన్నాడు పెంచలయ్య. డబ్బా ఎత్తేటప్పుడు లేని మోకాళ్ళు ఇప్పుడు గుర్తొచ్చాయి!

"నా బ్యాగులో గొలుసుండాది, జాగర్త. పెంచలకోనలో కోతి ఎత్తుకపోలా, కళ్ళజోడు పెట్టెతో సహా!" అంది రమాదేవమ్మ.

"ఆమె ఈ కొండ చివరికంటా పోవడానికే వచ్చింది. కావాలంటే మీలో ఒకరు కూర్చోండి" అని అరిచాను. డ్రిల్లు గ్రౌండులో అరిచినట్టు అరిచాను. కాస్త దూరంలో ఇసుకమీద పిల్లలతో ఉన్న ఒక కుటుంబం తిరిగి చూసింది. మావాళ్ళు మాత్రం చూడలేదు. "తొందరగా వచ్చేస్తాంలే, మేమొచ్చినాక నువ్వు పోదువులే" అంటూ బాట పట్టారు. రెండింటికి బస్సెక్కి బజారుకు పోవాలని వాళ్ళు పొద్దున్నే అనుకున్నారు. వాళ్ళొచ్చాక మేం పోయేదెప్పుడు?

"నువ్వు పో పద్మా" అంది.

"నీతో వచ్చాను, వాళ్ళతో కాదు" అని పక్కన కూలబడ్డాను.

కూర్చున్నాం. ముందర సముద్రం, వెనక పదిహేను మంది సామాను. చుట్టూ సంచులు పోగుచేసి, మధ్యలో మస్తాన్‌బీ ఒక పుల్ల పట్టుకుని, చెట్లమీదికే చూస్తూ కూర్చుంది. ఆకు కదిలితే పుల్ల ఎత్తేది. నేను చాలాసేపు పెంచలయ్యను, రమాదేవమ్మను, వాళ్ళ బియ్యం మూటలను తిట్టాను. ఆమె కొండవైపు మాత్రం చూడకుండా కూర్చుంది, అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

గంట దాటాక, ఇందాకటి కుటుంబంలో ఆవిడ మా దగ్గరికి వచ్చింది. నా అరుపులు తెలుగని గుర్తుపట్టిందట. పేరు విజయ, బ్యాంకులో పని. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. కమలాపండు తొనలు ఇస్తూ అడిగింది.

"ఏటండీ, ఇందాకట్నించీ పుల్లట్టుకుని కూకున్నారు? దేనికండీ?"

"కోతులొస్తాయని" అంది మస్తాన్‌బీ.

విజయ నావైపు చూసింది, ఆమెవైపు చూసింది. "ఇక్కడ కోతులేటండీ? జంతువుల పార్కులో బోన్ల ఉన్నయి తప్ప ఈ అడవిల కోతన్నదే లేదండి. నాను పుట్టింది ఇక్కడే, ఎప్పుడూ సూడ్లేదు."

మస్తాన్‌బీ పుల్ల కింద పడేసింది. ముందు నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత ఆ నీళ్ళు ఆగలేదు. ఆమె ఏడవగా నేను చూసింది ఆమె భర్త పోయినప్పుడు, మళ్ళీ అప్పుడు.

"లేని కోతుల కోసం కూర్చోబెట్టినారే నన్ను" అంది.

కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. మోకాళ్ళు పట్టేశాయి, రెండుసార్లు ప్రయత్నించి లేచింది. నేను చెయ్యిస్తే తీసుకుంది. సంచులవైపు తిరిగి చూడలేదు.

"మరి వాళ్ళ సామానో?" అన్నాను, అనాలి కాబట్టి.

"వాళ్ళదే గదా" అంది.

బీచి వెనక బాట కొండెక్కుతుంది. మీరు వెళ్తే ఇక్కడ తొందరపడకండి. రాళ్ళు జారుతాయి, వేళ్ళు అడ్డం వస్తాయి. కానీ ప్రతి మలుపులో సముద్రం ఇంకొంచెం కిందికి పోయి ఇంకొంచెం పెద్దదవుతుంది. మస్తాన్‌బీ వెనక నడుస్తూ ఆమె కాళ్ళు చూశాను. పక్కకి వేస్తోంది, నొప్పి ఉంది, ఆగి ఊపిరి తీసుకుంటోంది. చేతులు మాత్రం ఊగుతున్నాయి.

సగం కొండమీద మావాళ్ళు ఎదురొచ్చారు. చెమటలతో, బిస్కెట్లు నముల్తూ.

"సామాను కాడ ఎవరుండారు?" అన్నాడు పెంచలయ్య. మేం ఎలా ఉన్నామని కాదు, ఎందుకొచ్చామని కూడా కాదు.

"కోతులుండాయి పెంచలన్నా, అవే చూసుకుంటా ఉండాయి" అంది మస్తాన్‌బీ.

"నా గొలుసు!" అని రమాదేవమ్మ గబగబా దిగడం మొదలుపెట్టింది.

"ఏం లేదమ్మా పైన, ఒట్టి రాళ్ళు. మేం చివరికంటా పొయ్యొచ్చినాం. వెనక్కి నడవండి, రెండింటికి బండి కదలతాది. లేటయితే నేను నిలబెట్టను" అన్నాడు పెంచలయ్య.

"గేటు నాలుగింటిదాకా ఉంది. మీ కాగితంలో నల్లరాయి దాకా అని రాసింది మీరే. ఆమె డబ్బు మీకు తీపిగానే ఉంది, ఆమె కాళ్ళే చేదా?" అన్నాను. అతను గడియారం చూపించి దిగిపోయాడు.

మేం ఎక్కాం. ఒకచోట చెట్లు విడిపోయి కొంచెం మైదానంలా వచ్చింది, మంచి గాలి కొట్టింది. అక్కడే కూలబడాలనిపించింది నాకు. బాట మాత్రం ఇంకా ముందుకుంది, సన్నగా, గడ్డిలోంచి కిందికి దిగి మళ్ళీ కొనవైపు ఎక్కుతూ.

"చివర అదీ" అని చెయ్యి చూపించింది మస్తాన్‌బీ.

ఆ చివరకు చేరేసరికి రెండు దాటింది. కొండ అక్కడ తెగిపోయినట్టు ఆగిపోతుంది. నల్లటి రాయి సముద్రం మీదికి వంగి ఉంటుంది. కింద అలలు రాతిని కొట్టి తెల్లగా లేస్తున్నాయి, ఆ చప్పుడు కాళ్ళలోంచి తెలుస్తుంది. మూడు పక్కలా నీళ్ళే. దక్షిణంగా పచ్చటి దీవులు ఒకదాని వెనక ఒకటి పలచబడిపోతూ కనబడ్డాయి, ఆపైన ఏమీ లేదు. అంచుకు మరీ దగ్గరికి పోకండి, అక్కడ గాలి తోస్తుంది.

మస్తాన్‌బీ రాయిమీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, వాటినే కాసేపు చూసింది. ఉలి కాయలు కాసిన చేతులు. నేను ఫోను తీస్తే వద్దంది.

"ఏం బరువులేకపోతే ఇంత దూరం కనపడతాదా పద్మా!" అంది.

నేనూ ఆమె పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. సంతోషమే. ఆ సంతోషంలో కూడా కోపం పోలేదు. ఇంత చిన్న కోరిక తీరడానికి ఒక మనిషి ఎంతమందితో పోట్లాడాలి!

దిగేటప్పుడు ఆమె మోకాళ్ళు మొరాయించాయి. నా భుజం పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ దిగింది. బీచిలో సామాను లేదు. విజయ వాళ్ళు మా ఇద్దరి నీళ్ళ సీసా ఒక్కటీ దాచి ఉంచారు. నాలుగింటికి కొంచెం ముందు గేటు దాటాం. మినీబస్సు లేదు. నిజంగానే వెళ్ళిపోయారు. అరవై మూడేళ్ళ మనిషిని, మోకాళ్ళు పనిచెయ్యని మనిషిని, ఊరుకాని ఊళ్ళో వదిలి ముత్యాలు కొనడానికి వెళ్ళిపోయారు. గార్డు నవ్వుతూ హిందీలో ఏదో చెప్పాడు. మస్తాన్‌బీ నాకు తెలుగులో చెప్పింది: "ఆ డబ్బాలు మోసుకుంటా, ఒకరినొకరు తిట్టుకుంటా పొయినారంట."

చిడియాటాపు నుంచి ఊళ్ళోకి ప్రభుత్వ బస్సుంది. టికెట్టు మన పల్లెవెలుగు మాదిరే, చాలా తక్కువ. సాయంత్రం బస్సు ఎప్పుడో ముందే కనుక్కుని ఉండండి. దానికోసం కూర్చున్నంతసేపూ ఎదురుగా సూర్యాస్తమయం చూశాం. దాన్ని చూడ్డానికి జనం కార్లలో వచ్చి బారులు తీరారు. బజారులో ఉన్న మావాళ్ళకు అదీ దక్కలేదు.

లాడ్జిలో పెంచలయ్య మామీద విరుచుకుపడ్డాడు. "గ్రూపంటే గ్రూపులాగుండాల. మీ ఇద్దరి వల్ల అందరికీ తలనొప్పి!"

"గ్రూపులో ఆమె ఎప్పుడుంది పెంచలయ్యా? మూటల లెక్కలో తప్ప?" అన్నాను. ఆ తర్వాత అన్న మాటలు అచ్చులో బాగుండవు. మస్తాన్‌బీ అన్నం తిని, మోకాళ్ళకు నూనె రాసుకుని, హాయిగా పడుకుంది.

మర్నాడు విమానంలో చెన్నై, సాయంత్రం నాలుగున్నరకు నెల్లూరు రైలు. అందరం ఒకే పెట్టెలో. గూడూరు దాటాక రమాదేవమ్మకు హుషారొచ్చి, కొండమీద దిగిన గ్రూపు ఫొటో ఫోనులో తీసి ఒక్కొక్కరికీ చూపించింది. గొలుసు క్షేమం కాబట్టి మాతో మళ్ళీ మాట్లాడుతోంది. ఫొటో కింద పెంచలయ్య తెలుగులో రాయించాడు: "నల్లరాయి చివర మన ఆత్మకూరు బృందం, అందరం." అందరం అట! ఇద్దరు లేని అందరం. నాకు మళ్ళీ ఒళ్ళు మండి ఏదో అనబోయాను.

మస్తాన్‌బీ ఫోను తీసుకుంది. రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇది చివర గాదే" అంది.

"ఏంది గాదు?" అన్నాడు పెంచలయ్య.

"ఇది చెట్లు ఇడిపోయిన కాడ, గాలి కొట్టేచోటు. నేనూ పద్మా ఇక్కడ ఆగలా. మీ ఎనకాల, ఇదిగో, దూరంగా నల్లంగా కనపడతా ఉండాదే, అదీ నల్లరాయి. చివర అదీ. మేం దానిమింద కూర్చున్నాం."

ఫోను చేతులు మారింది. ఒక్కొక్కరే పెద్దది చేసి చూశారు. పెంచలయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "అక్కడికి దారుండాదా?" అన్నాడు, మెల్లగా.

"ఉండాది పెంచలన్నా. సన్నంగుంటాది. చేతుల్లో ఏం లేకపోతే పోవచ్చు."

అండమాన్ వెళ్ళండి. ముండా పహాడ్ తప్పకుండా ఎక్కండి, పొద్దున్నే ఎక్కండి, చెట్లు విడిపోయిన చోట ఆగిపోకుండా ఎక్కండి. మీ అన్నం మీరు మోసుకోండి, లేకపోతే అక్కడ దొరికింది తినండి. మీతో వచ్చిన మనిషి ఎందుకొచ్చిందో బయల్దేరేముందే ఒకమాట అడగండి. అడగడానికి టికెట్టు అక్కర్లేదు.

ఆత్మకూరు బస్టాండులో దిగేసరికి ఉదయగిరి ఆఖరి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఈ రాత్రికి మా ఇంట్లో ఉండమన్నాను, వద్దంది. ఆపరేషన్ తేదీ చెప్పు, నేనూ వస్తానన్నాను. బస్సు మెట్టుమీద ఒక కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని, మోకాలు నొప్పికి మొహం చిట్లించి, నావైపు తిరిగింది.

"ఇంక కోసుకోమను ఆ డాక్టర్ని" అంది.